ఏడవని బిడ్డ

ఈ నెల ఈ శీర్షికకు పిల్లల చదువులను గూర్చి వ్రాయవలెనని రెండు పేజీలు సిద్ధము చేసి ఉంచుకొంటిమి. అయితే పోయిన ఆదివారము ఆరాధన ముగిసి అందరు వెళ్ళుచుండగా ఒక చిన్న పాప మా అంగీ పట్టి లాగి, కానుకల సంచి పట్టుటకు తనకు ఎప్పుడు వంతు వచ్చునని అడిగినది. ఆ ఒక్క మాట అడుగుటకు చాల సేపు పట్టినది. ఒక్కొక్క పలుకును వెదకుకొని, నోటిలో త్రిప్పుకొని, బయటికి తెచ్చినది. ఆ పాపకు ఎనిమిదేండ్లు. తోటి పిల్లలు మూడవ తరగతిలో ఉండగా తాను ఇంకను ఒకటవ తరగతి వాచకము దగ్గరనే ఉన్నది. వచ్చే ఆదివారమే నీ వంతు అని చెప్పి పంపితిమి. ఇంటికి వచ్చి ఆ రెండు పేజీలు ప్రక్కన పెట్టితిమి. ఆ పాపను చూచినప్పుడెల్ల మాకు గుర్తు వచ్చే సంగతి ఒకటి ఉన్నది. అది చెప్పుకొనదగినది కాదు గనుకనే ఇన్నాళ్ళు వ్రాయలేదు.

ఆ పాప తల్లి మా గుమ్మఘట్ట మండలములోని ఒక పల్లెకు కోడలుగా వచ్చినది. పుట్టిల్లు సరిహద్దు దాటి కర్ణాటక వైపు. అత్తవారికి నాలుగెకరాల వేరుశనగ చేను, ఎండిపోయిన బోరు ఒకటి. వానలు లేని ఏడు భర్త రాయదుర్గము వెళ్ళి జీన్సు ప్యాంట్లు కుట్టును. వానలు పడిన ఏడు చేను చూచుకొనును. పెండ్లి అయిన మూడేండ్లలో ఒకసారి గర్భము నిలిచి పోయినది. మరల నిలిచినప్పుడు డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి, థైరాయిడు తక్కువగా ఉన్నది, రోజుకొక మాత్ర ప్రసవమగు వరకు మానకుండ వేసుకొనవలెనని చెప్పినదట.

నాలుగవ నెలలో ఒక శుక్రవారము ఉపవాస కూడికలో ఆ చెల్లెలు లేచి సాక్ష్యము చెప్పినది. "నాకు థైరాయిడని చెప్పినారు. మాత్రలు వేసుకుంటా ఉంటి. ఇప్పుడు ఒంట్లో బాగుండాది, ఆయాసము లేదు, నిద్రమత్తు లేదు. దేవుడు ముట్టినాడు. మాత్రలు నిలిపేసినాను" అన్నది. అందరు స్తోత్రమనిరి. మేమును అంటిమి. ఒంట్లో బాగుండుట ఆ మాత్రల వలననే అయి ఉండవచ్చునని మాకు తోచలేదు. తోచినను ఆ నిండు కూడికలో నోరు విప్పగలిగేవారమా అని మమ్మును మేమే అడుగుకొనుచున్నాము. కూడిక అయిన తరువాత ప్రక్కకు పిలిచి, డాక్టరమ్మను అడిగితివా తల్లీ అని ఒక్క మాట అడుగుటకు ఏ బోధయు అడ్డము కాదు. అడుగలేదు.

నెలలు నిండి ఆడపిల్ల పుట్టినది. బరువు బాగుగనే ఉన్నది. నాలుగవ నాటికి పచ్చకామెర్లు కనబడినవి. పుట్టిన బిడ్డలలో చాలమందికి వచ్చిపోవునవే గదా అని ఎవరును పట్టించుకొనలేదు. ఈ బిడ్డకు మూడు వారములైనను పోలేదు. నాయనమ్మ పొద్దుటి ఎండలో పెట్టినది. ఎవరో చెప్పిన ఆకుపసరు కూడ పోయించినదని తరువాత తెలిసినది. బిడ్డ మాత్రము బంగారము. పాలకు ఏడవదు. రాత్రి లేపదు. నాలుగు రోజులకొకసారి దొడ్డికి పోవును. నలువదవ దినమున మందిరమునకు తెచ్చినప్పుడు ఆ నాయనమ్మ మురిసిపోవుచు, "అయ్యగారూ, ఈ బిడ్డ యాడవనే యాడవదు. పొద్దస్తమానము నిద్దరే. మా ఇంట్లో బిడ్డ ఉండాదని పక్కింటోళ్ళకు గూడా తెలీదు" అన్నది. మేము బిడ్డను చేతులలోనికి తీసికొని, సంఘమంతటి యెదుట, ఇంత నెమ్మదైన బిడ్డను ప్రతి తల్లికి దయచేయుమని ప్రార్థించితిమి. అందరు నవ్విరి. చేతికి తగిలిన ఆ చర్మపు చల్లదనము, బుగ్గల ఉబ్బు, కొంచెము బయటికి ఉన్న నాలుక కూడ మాకు ముద్దుగనే తోచినవి.

మూడున్నర నెలలకు మూడవ విడత టీకాలు వేయుటకు వచ్చిన ఏ.ఎన్.ఎం. సిస్టరు బిడ్డను పడుకోబెట్టి చేతులు పట్టి లేపిచూచినది. మెడ నిలువలేదు. ఏడ్చినప్పుడు గొంతు బొంగురు. బొడ్డు ఉబ్బి ఉన్నది. ఆ సిస్టరు ఆ సాయంకాలమే చీటీ వ్రాసి, అనంతపురము తీసికొనిపొమ్మని భర్తను గట్టిగా చెప్పినది. అక్కడ ఒక పిల్లల డాక్టరు రక్తము పరీక్షింపజేసి, బిడ్డకు థైరాయిడు గ్రంథి సరిగా ఏర్పడనే లేదని చెప్పెను. ఆ నాటి నుండి బిడ్డకు రోజు మాత్ర. వారములోనే కండ్లు విప్పి చూచుట మొదలుపెట్టినది, ఆకలికి ఏడ్చినది. అయితే ఆ పోయిన నాలుగు నెలలు తిరిగి రాలేదు.

ఇక ఆ ఇంట జరిగినది వినండి. "నీ రోగమే బిడ్డకు అంటించినావు" అని అత్తింట ఆ తల్లిని అనని వారు లేరు. ఆమె మా ఇంటికి వచ్చి మా ఇంటివారి యొద్ద కూర్చుండి, మాత్రలు మానినందుకు దేవుడు శిక్షించెనా అని అడిగినది. మేము వైద్యము చదివినవారము కాము. వేదాంత పాఠశాలలో మాకు ఎవరును హార్మోనులను గూర్చి చెప్పలేదు. గనుక ఆమెను, ఆమె భర్తను, పట్టుబట్టి ఆ అత్తగారిని కూడ వెంటబెట్టుకొని ఆ డాక్టరు యొద్దకు వెళ్ళితిమి. ఆయన ఓపికగా చెప్పినదియు, తరువాత మేము చదివి తెలిసికొన్నదియు ఈ క్రింద వ్రాయుచున్నాము.

థైరాయిడు అనునది మెడ ముందు భాగమున, గొంతుముడి క్రింద, సీతాకోకచిలుక రెక్కలు చాచినట్లు ఉండు చిన్న గ్రంథి. మనము తిను అయొడిన్‌ను పట్టుకొని హార్మోను తయారుచేయును. ఆ హార్మోను పెద్దవారిలో ఒంటి వేడిని, గుండె వేగమును, ఆకలిని, నిద్రను నడిపించును. గర్భములోని బిడ్డలోనైతే మెదడును కట్టును. బిడ్డ సొంత గ్రంథి పది, పన్నెండు వారముల ప్రాంతములో పని మొదలుపెట్టును గాని, చాలినంత తయారుచేయుటకు గర్భము సగము నెలలు నిండవలెను. అంతవరకు మెదడు కట్టుబడికి కావలసిన హార్మోను తల్లి రక్తములో నుండి మాయ ద్వారా రావలసినదే. చేనికి వాన లేనప్పుడు బోరు ఒక్కటే దిక్కయినట్లు, ఆ నెలలలో బిడ్డకు తల్లియే దిక్కు.

తల్లిలో హార్మోను బాగా తక్కువై, మందు లేకుండ ఉన్నయెడల గర్భము పోవుట, నెలలు నిండకముందే ప్రసవమగుట, బిడ్డ బరువు తగ్గుట, తల్లికి రక్తపోటు పెరుగుట, ఒక్కొక్కప్పుడు బిడ్డ గర్భములోనే చనిపోవుట జరుగవచ్చును. పుట్టిన బిడ్డ చూచుటకు బాగున్నను తరువాత చదువులో వెనుకబడవచ్చును. 1999లో అమెరికాలో జేమ్స్ హాడో అను వైద్యుడును ఆయన తోటివారును దీనిని గూర్చి ఒక పరిశోధన ప్రచురించిరి. గర్భిణులుగా ఉన్నప్పుడు తీసి దాచిన రక్తములో థైరాయిడు లోపము కనబడిన తల్లుల పిల్లలను ఏడు నుండి తొమ్మిదేండ్ల వయస్సులో పరీక్షించిరి. మందు తీసికొనని తల్లుల పిల్లల తెలివి కొలత, మిగిలిన పిల్లలకంటె సగటున 7 అంకెలు తక్కువగా ఉన్నది. ఏడు అంకెలు అనగా బిడ్డ మందమతి అని కాదు. బడిలో మొదటి బల్లమీద కూర్చుండవలసినవాడు వెనుక బల్లకు పోవునంత మాత్రము.

అయితే ఇందులో భయపెట్టునట్లు చెప్పుటయు తప్పే. లోపము చాల స్వల్పముగా ఉన్న గర్భిణులకు మాత్రలిచ్చి చూచిన రెండు పెద్ద పరిశోధనలు 2012లోను 2017లోను వెలువడినవి. అట్టి స్వల్ప లోపమునకు మాత్రలిచ్చినందున పిల్లల తెలివిలో తేడా కనబడలేదు. గనుక కాగితములో అంకె కొంచెము అటు ఇటు ఉన్నదని కంటనీరు పెట్టుకొనవద్దు. ఎవరికి మందు కావలెను, ఎంత కావలెను అనునది డాక్టరు చూచి చెప్పవలసినది. ప్రక్కింటి ఆమె మాత్రను మీరు వేసుకొనుట గాని, మీకిచ్చిన మాత్రను మీరే నిలుపుట గాని కూడదు.

ఇప్పుడు ఆ అత్తగారి ప్రశ్నకు వచ్చెదము. పాపకు గ్రంథి ఏర్పడకపోవుట తల్లి రోగము వలన కలిగినదా? కాదు. డాక్టరు ఆ ముసలమ్మ వైపు తిరిగి తెలుగులో ఒకసారి, కన్నడములో ఒకసారి చెప్పెను. పుట్టుకతో వచ్చు థైరాయిడు లోపములో ఎక్కువ భాగము బిడ్డ గ్రంథి గర్భములో సరిగా ఏర్పడకపోవుట చేతనో, ఉండవలసిన చోట ఉండకపోవుట చేతనో వచ్చును. తల్లికి ఏ జబ్బు లేని ఇండ్లలోనే ఇట్టి బిడ్డలు ఎక్కువ పుట్టుచున్నారు. కొన్నిట మాత్రము గ్రంథి ఉండియు హార్మోను తయారుచేయు శక్తి వంశపారంపర్యముగా లోపించును. మేనరికపు పెండ్లిండ్లలో అది కొంత ఎక్కువ. మన రాయలసీమలో అక్క కూతురును, మేనమామ కూతురును చేసికొనుట ఎంత మామూలో చెప్పనక్కరలేదు.

ఆ ముసలమ్మ, "అట్లయితే మాత్రలు మానినా మానకున్నా ఒకటేనా?" అని అడిగినది. మంచి ప్రశ్న అడిగినదని మేము లోలోపల అనుకొంటిమి. ఒకటి కాదు. సొంత గ్రంథి లేని బిడ్డకు గర్భములో తల్లి హార్మోనే అంతోఇంతో కాపుదల. అందుచేతనే అట్టి బిడ్డలలో చాలమంది పుట్టినప్పుడు మామూలుగా కనబడుదురు. తల్లిలో కూడ తక్కువైనప్పుడు బిడ్డకు ఆ కాపుదలయు పలుచబడును. ఈ పాప విషయములో మాత్రలు మానినందున ఎంత నష్టము, పుట్టిన తరువాత నాలుగు నెలలు తెలియకపోయినందున ఎంత నష్టము అని తూచి చెప్పుట ఎవరి వలనను కాదనెను. రెండవదే పెద్దదని మాత్రము ఆయన అభిప్రాయము. ఆ రెండవ దానిలో, బిడ్డను ఎత్తుకొని మెచ్చుకొన్న మాకును భాగమున్నది.

పుట్టిన బిడ్డకు ఈ లోపము ఉన్నదో లేదో తెలిసికొనుటకు చాల చిన్న పరీక్ష ఉన్నది. పుట్టిన రెండు దినములు గడచిన తరువాత మడమ మీద సూదితో గుచ్చి, నాలుగు చుక్కల రక్తమును అద్దుడు కాగితము వంటి మందపాటి కాగితము మీద పట్టుదురు. లేదా పుట్టిన వెంటనే బొడ్డు త్రాటి రక్తము తీయుదురు. 1974లో కెనడా దేశపు క్విబెక్‌లో జాన్ డ్యూసో అను వైద్యుడు ఇట్లు ఎండిన రక్తపు చుక్కలో హార్మోను కొలిచి, పుట్టిన బిడ్డలందరికి చేయు పద్ధతిని మొదలుపెట్టెను. మన దగ్గర కూడ ఇది కొత్తది కాదు. హైదరాబాదులోని నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రులలో పుట్టిన 18,300 మంది బిడ్డలకు రాధారమాదేవి గారును తోటి శాస్త్రజ్ఞులును ఇట్టి పరీక్షలు చేసి 2004లో ఫలితములు ప్రకటించిరి. పుట్టుకతో వచ్చు లోపములలో అన్నిటికంటె ఎక్కువగా కనబడినది ఈ థైరాయిడు లోపమే, 1,700 మందిలో ఒకరికి. ఆ తరువాత భారత వైద్య పరిశోధన మండలి హైదరాబాదుతో కలిపి ఐదు నగరములలో లక్షకు పైగా బిడ్డలను చూడగా, 1,130 మందిలో ఒకరికి ఉన్నట్లు తేలినది. చిన్న అంకె వలె కనబడును. ఒక మండలములో నాలుగైదేండ్లలో పుట్టు బిడ్డలను లెక్కించి చూచుకొనండి.

పుట్టిన రెండు వారముల లోపల మాత్ర మొదలుపెట్టినయెడల ఆ బిడ్డ తోటి పిల్లల వలెనే పెరుగును, చదువుకొనును. వైద్యములో ఇంత చౌకగా, ఇంత పూర్తిగా బిడ్డ బుద్ధిని కాపాడు అవకాశములు ఎక్కువ లేవు. మాత్రను నలిపి చనుబాలలోనో, కాచి చల్లార్చిన నీటిలోనో కలిపి చెంచాతో పోయుటే. అయితే ఈ మడమ పరీక్ష ప్రతి చోట దానంతట అది జరుగునని అనుకొనవద్దు. ప్రసవమైన ఆసుపత్రిలో అడగండి. అడిగినందుకు ఎవరైన విసుగుకొన్నను ఫరవాలేదు.

పరీక్ష జరుగని బిడ్డ ఇంట ఉన్నయెడల, మేము చూచియు చూడనివి మీరు చూడండి. రెండు మూడు వారములు దాటినను పోని పచ్చకామెర్లు, పాలు లాగలేక రొమ్ము దగ్గరనే నిద్రపోవుట, దినముల తరబడి దొడ్డికి పోకుండుట, బొంగురు ఏడుపు, చల్లని పొడి చర్మము, ఉబ్బిన బొడ్డు, పెద్ద నాలుక, మాడు మరీ వెడల్పుగా ఉండుట. ఇవన్నియు ఒకేసారి రానక్కరలేదు. లేపకపోతే పాలు అడుగని బిడ్డను మంచి బిడ్డ అని మెచ్చుకొనక ముందు ఒకసారి డాక్టరుకు చూపండి.

గర్భిణులను గూర్చి. కేంద్ర ఆరోగ్య శాఖ 2014లో గర్భిణులకు థైరాయిడు పరీక్షను గూర్చి మార్గదర్శకములు ఇచ్చినది. ఇంతకుముందు థైరాయిడు ఉన్నవారు, తల్లికి గాని అక్కచెల్లెండ్రకు గాని ఉన్నవారు, గర్భము పోయినవారు, నెలలు నిండకముందే కాన్పు అయినవారు, చనిపోయిన బిడ్డను కన్నవారు, పిల్లలు లేక చాల కాలము ఎదురుచూచినవారు, మరీ బరువు ఎక్కువైనవారు, గొంతు క్రింద వాపు కనబడినవారు మొదటిసారి చూపించుకొనునప్పుడే ఈ సంగతి చెప్పి పరీక్ష అడుగవలెను. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు ప్రత్యేకముగా డాక్టరు చూచు ఏర్పాటు 2016 నుండి ఉన్నది. మీ ఊరి ఆశా కార్యకర్తకు తెలియును. పెండ్లికి ముందునుండే మాత్ర వేసుకొనుచున్నవారు, నెల తప్పినదని తెలిసిన వెంటనే రక్తము చూపించుకొనవలెను. గర్భములో మాత్ర మోతాదు మామూలుగా పెంచవలసి వచ్చును. మూడవ నెల దాకా ఎవరికి చెప్పకూడదను మన ఆచారము ఈ విషయములో బిడ్డకు హాని చేయును. ఊరికి చెప్పకపోయినను డాక్టరుకు చెప్పండి.

మాత్ర వేసుకొను పద్ధతి చెప్పుట చాల అవసరము, ఏలయనగా సగము ఇండ్లలో ఇక్కడనే పొరపాటు జరుగుచున్నది. పొద్దున లేచిన వెంటనే పరగడుపున, మంచినీటితో వేసుకొనవలెను. తరువాత అరగంట, వీలైతే గంట సేపు టీ గాని, కాఫీ గాని, సంగటి గాని వద్దు. సిస్టరు ఇచ్చు రక్తము మాత్రలు, అనగా ఇనుము మాత్రలు, మరియు సున్నము మాత్రలు (క్యాల్షియం) దీనితో కలిపి మ్రింగకూడదు; కనీసము నాలుగు గంటలు ఎడము ఉండవలెను. అన్నిటిని ఒకే గుక్కలో మ్రింగి పనికి పోవు తల్లులను మేము చూచితిమి. అట్లు చేసినయెడల థైరాయిడు మాత్ర ఒంటికి పట్టదు, మాత్ర వేసుకొనుచునే ఉన్నను ఫలితము కనబడదు. బిడ్డకు పాలిచ్చు తల్లి ఈ మాత్ర మానవలసిన పని లేదు. ఇది "వేడి చేయును" అనుమాట మన ఊళ్ళలో విందుము. శరీరములో లేని దానిని పూరించుటే గాని ఇందులో వేడియు లేదు చలువయు లేదు.

ఇక మా సంఘములో ఇప్పుడు ఉపవాస కూడికకు ముందు ఒక ప్రకటన చేయుచున్నాము. థైరాయిడు, బీపీ, షుగరు, మూర్ఛ మాత్రలు వేసుకొనువారు వేసుకొనియే రావలెను. గర్భిణులు, బాలింతలు ఉపవాసముండనక్కరలేదు. మొదట కొందరు పెద్దలు గొణిగిరి. పౌలు సువార్త పనిలో వెంట తిరిగిన లూకా వైద్యుడే గదా అని వారితో అంటిమి. స్వస్థత సాక్ష్యము చెప్పువారిని మేము ఆపము. రక్తపరీక్ష కాగితము కూడ తెచ్చి చూపుమని అడుగుచున్నాము. నిజముగా నయమైనయెడల ఆ కాగితమును దానిని చెప్పును.

థైరాయిడు ఎక్కువగా పనిచేయుట మరొక జబ్బు. గుండె దడ, చేతుల వణుకు, ఎంత తిన్నను సన్నబడుట, చెమటలు. మన పల్లెలలో ఇది తక్కువే గాని ఒక సంగతి మరువరాదు. ఈ జబ్బులో తల్లి రక్తములోని కొన్ని పదార్థములు మాయ దాటి బిడ్డ గ్రంథిని రెచ్చగొట్టగలవు. అందుచేత తల్లికి ఎప్పుడో ఆపరేషను చేసి గ్రంథి తీసివేసినను, ఆ సంగతి డాక్టరుకు చెప్పి తీరవలెను. పుట్టిన బిడ్డను కొన్ని దినములు కనిపెట్టి చూడవలెను. ఈ జబ్బుకు వాడు మాత్రలలో కొన్ని మొదటి మూడు నెలలలో బిడ్డకు మంచివి కావు గనుక గర్భము కోరుకొనక ముందే డాక్టరుతో మాట్లాడవలెను.

ఉప్పు సంగతి చెప్పకుండ ముగించలేము, అందులో మన తెలుగువాని కథ ఉన్నది. 1921లో శ్రీకాకుళములో పుట్టి, విశాఖపట్నము ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన వులిమిరి రామలింగస్వామి గారు 1956లో హిమాలయ ప్రాంతపు కాంగ్రా లోయలో ఒక పెద్ద పరీక్ష మొదలుపెట్టిరి. ఆ లోయలో గొంతు వాపులు ఇంటింటా ఉండేవి. సుమారు లక్ష మంది జనమున్న ప్రాంతమును మూడు భాగములు చేసి, రెండింటికి అయొడిన్ కలిపిన ఉప్పును, మధ్య భాగమునకు మామూలు ఉప్పును సరఫరా చేసిరి. కొన్నేండ్లకు అయొడిన్ ఉప్పు తిన్న రెండు భాగములలోను వాపులు బాగా తగ్గినవి, మధ్య భాగములో తగ్గలేదు. అటుపిమ్మట వారికిని అదే ఉప్పు ఇచ్చిరి. 1962లో దేశమంతటికి గాయిటరు నివారణ పథకము వచ్చుటకు ఆ పనియే ఆధారము. తరువాత ఆయన ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు డైరెక్టరుగా పనిచేసిరి. మన బడి పుస్తకములలో ఆయన పాఠము ఉండవలసినది.

అయొడిన్ లేని ఉప్పును మనుష్యులు తినుటకు అమ్మరాదని 2006 మే 17 నుండి దేశమంతట నిషేధమున్నది. అయినను మన సంతలలో సంచులలో పోసి అమ్ము రాళ్ళ ఉప్పు చూడండి. పశువులకని, ఊరగాయకని కొందుము. అదే సంగటి కుండలో పడును. గర్భిణికి దినమునకు 250 మైక్రోగ్రాముల అయొడిన్ కావలెను, అనగా ఆవగింజలో చిన్న తునక కూడ కాదు. ఆ పాటి కూడ అందకపోవుట ఉప్పు కొనుటలోనే ఉన్నది. ప్యాకెట్టు ఉప్పు కొని, మూతగల డబ్బాలో పొయ్యికి దూరముగా ఉంచండి. ఉప్పును కడుగకండి, అయొడిన్ కాలువ పాలగును. అయితే ఒక మాట. థైరాయిడు జబ్బు వచ్చినవారు ఉప్పు ఎక్కువ తినినందున నయము కాదు, బీపీ మాత్రము పెరుగును. వారికి మాత్రయే మందు.

సరిహద్దు పల్లెలవారమైన మనకు మరొక చిక్కు ఉన్నది. ఏడవ నెలలో కోడలు పుట్టింటికి పోవును. ఇక్కడి డాక్టరు వేరు, అక్కడి డాక్టరు వేరు, భాష వేరు, రాష్ట్రము వేరు. మాత్రల చీటీ అత్తింటి పెట్టెలో, తల్లీ పిల్లల కార్డు గూటిలో మిగిలిపోవును. చీరెలు సర్దునప్పుడు ముందు ఆ కార్డును, మాత్రలను సర్దండి. భర్తలారా, బెంగుళూరులో కూలికి ఉన్నను ఫోనులో ఆ ఒక్క మాట అడగండి. బిడ్డ పేరును గూర్చి తరువాత మాట్లాడవచ్చును.

ఆ చెల్లెలికి నిరుడు మరల నెల తప్పినది. ఈసారి ఎవరికి చెప్పక ముందే మా ఇంటివారికి చెప్పినది. ఆ వారమే రాయదుర్గములో రక్తము చూపించుకొనగా మాత్ర మోతాదు పెంచిరి. పురిటికి పుట్టింటికి పోనని తానే పట్టుబట్టినది. నిజమునకు ఆమెకంటె ఆ అత్తగారే ఎక్కువ పట్టుబట్టెను. ప్రతి ఉదయము టీ పొయ్యిమీద పెట్టక ముందే మాత్రయు నీళ్ళ చెంబును చేతికిచ్చి నిలువబడెడిదట. మగబిడ్డ పుట్టెను. మూడవ దినమున మడమ రక్తము తీయించిరి. వారము తిరిగిన తరువాత అంతయు సరిగా ఉన్నదని కాగితము వచ్చినది. నలువదవ దినమున మందిరమునకు తెచ్చినప్పుడు ఆ నాయనమ్మ మాకు ఫిర్యాదు చేసినది. "అయ్యగారూ, వీడు రాత్రి ఒక్క గడియ కన్ను మూయనీడు. ఊరంతా లేపుతాడు" అన్నది. పాప ప్రక్కన నిలువబడి తమ్ముని కాలి వ్రేళ్ళు లెక్కించుచుండెను. మేము చేతులు చాపి బిడ్డను అందుకొనగానే, బయట వేపచెట్టు క్రింద నిలిచినవారికి కూడ వినబడునట్లు వాడు ఏడ్చెను.